చెరిపే ముందు ఒకసారి వినండి

కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి వస్తున్న పిల్లలకు ముందే ఒక సంగతి చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఈ పనిలో మిమ్మల్ని ఎవరూ ఊరికే పిలవరు. మిషన్ చచ్చినప్పుడు పిలుస్తారు. మీరు గుమ్మంలో అడుగు పెట్టగానే పెళ్లికొడుకు వచ్చినంత సంబరపడతారు. మిషన్ లేచాక మీ వంక చూసేవాళ్లుండరు, అందరి కళ్లూ దాని మీదే. ఆ సందులో మీ సంచి మీరు సర్దుకుని బయటికి వచ్చేయాలి. నా ఉద్యోగమంతా ఇలాగే గడిచింది. మర్యాదకు లోటు చేశారని అనను గానీ, బాగున్న మిషన్ దగ్గర నాకు పనేమిటి?

మాది ముళబాగిలు పక్క పల్లె. ఇంట్లో అందరికీ రాగి చేను, పట్టుపురుగులు, పాడి. నాకు మాత్రం వైర్ల మీద మనసు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక సర్వీసు షాపులో చేరాను, తర్వాత సొంతంగా తిరిగాను. పాల కేంద్రాలు, స్కూళ్లు, చర్చిలు, పట్టుగూళ్ల మండీ, పిలిచినచోటికల్లా బస్సెక్కి పోయాను. పెళ్లి మాట కొన్నిసార్లు వచ్చింది, దానంతటదే పోయింది. బజారు వెనక సందులో ఒక గది తీసుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. మోకాళ్లు మొరాయించాక పని మానేశాను, ఇక రాయడానికి కావలసినంత తీరిక.

మా వైపు మిషన్లన్నీ పాతవి. బెంగళూరు ఆఫీసుల్లో పనికిరావని తీసేసినవి కోలారు జిల్లాకు చేరతాయి. కొత్త విండోస్ మోసే ఓపిక వాటికి ఉండదు. అందుకని వాటిలో లినక్స్ వేసేదాన్ని. మంచిదే, తేలిగ్గా నడుస్తుంది. ఒక్క గుణం ఉంది దానికి. డిస్కు పూర్తిగా నిండిపోతే లేవదు. లేచేటప్పుడు అది తనకోసం నాలుగు ముక్కలు రాసుకోవాలి, రాసుకునే చోటు లేకపోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడితే మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. లేదా నల్లతెర పెట్టుకుని అలిగి కూర్చుంటుంది. చూసేవాళ్లు కంప్యూటర్ కాలిపోయిందనుకుంటారు. అది కాలలేదు, దానికి ఊపిరాడటం లేదు.

షణ్ముగం సారు మందు

నా మొదటి యజమాని షణ్ముగం సారు. మనిషి బంగారం. మధ్యాహ్నం తన క్యారియరులో సగం నాకు పెట్టకుండా తినేవాడు కాదు. పనిలో మాత్రం ఆయన దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు, ఫార్మాట్. అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి నింపడం.

"లోపల వాళ్ల ఫైళ్లుంటాయి కదా సార్?" అని మొదట్లో అడిగాను.

"మళ్లా చేసుకుంటారు లేమ్మా. బండి నడవాల, అంతే" అన్నాడు.

ఒకరోజు ఒక ఫొటో స్టూడియో ఆయన వచ్చి, బాగుచేసిన తన మిషన్ తెరిచి చూసుకుని, స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఎవరివో పెళ్లి ఫొటోలు అందులో ఉండేవి. అరవలేదు, గలాటా చేయలేదు. వాళ్లకు ఏమని చెప్పాలి, ఏమని చెప్పాలి అని తనలో తాను అనుకుంటూ కూర్చున్నాడు. సారు టీ తెప్పించాడు. ఆయన తాగలేదు. ఏం చేయాలో తోచక సారు ఫ్యాను స్పీడు పెంచాడు.

షణ్ముగం సారు చెడ్డవాడని ఇప్పటికీ అనను. కానీ పనిమంతుడని కూడా అనను. మీకు దొరికే యజమానుల్లో సగం మంది ఇలాగే ఉంటారు. వాళ్ల క్యారియరులో అన్నం తినండి, వాళ్ల మందు మాత్రం నేర్చుకోవద్దు.

పాల కేంద్రంలో సణుగుడు

ముళబాగిలు దాటాక ఒక పల్లెలో పాల కేంద్రం. కంప్యూటర్ లేవడం లేదని కార్యదర్శి వెంకటరమణప్ప ఫోన్ చేశాడు. పోయేసరికి క్యాన్లు పట్టుకుని ఆడవాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు. లోపల డిస్కు అంచుదాకా నిండి ఉంది. తిన్నది ఎవరా అని చూస్తే ఒకే ఒక్క ఫైలు. అది మిషన్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఫైలు, మేము లాగ్ అంటాం. తెరిచి చూస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకటే మాట. తూకం మిషన్ కనబడటం లేదు, తూకం మిషన్ కనబడటం లేదు.

వంగి బల్ల కింద చూశాను. తూకానికి పోయే తీగ సగానికి తెగి ఉంది.

"ఏమప్పా, ఈ తీగ ఎప్పటి నుంచి ఇట్ల ఉండాది?"

"అదా మేడం? ఎలుక కొరికినాది. సుమ్నె ఊరికే అట్లే వదిలేసినాము. చేత్తో రాసుకుంటా ఉండాము కదా."

"మీరు వదిలేసినారు, అది వదల్లేదు. తూకం లేదు, తూకం లేదు అని రాస్తానే ఉండాది."

"ఎవరికి రాసినాది మేడం?"

"మీకే!"

వెంకటరమణప్ప పగలబడి నవ్వాడు, వాకిట్లో ఆడవాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వినే దిక్కు లేకపోయినా చెప్పుకుంటూ పోవడం నాకు కొత్త సంగతి కాదు. గదికి చేరాక నేనూ పొయ్యితో, గిన్నెలతో మాట్లాడుతూనే ఉంటాను. ముందు తీగ మార్చి, తర్వాత ఆ ఫైలు ఖాళీ చేశాను. తీగ మార్చకుండా ఖాళీ చేసి ఉంటే అది మళ్లీ నిండేది, నన్ను మళ్లీ పిలిచేవాళ్లు. అలా పిలిపించుకుని బతికేవాళ్లు కూడా ఈ పనిలో ఉన్నారు. వాళ్లతో స్నేహం చేయకండి.

నిండిన డిస్కు ముందు కూర్చున్నప్పుడు

మిషన్ దాని డిస్కుతో లేవకపోతే, మీ పెన్‌డ్రైవ్‌లో ఒక లినక్స్ పెట్టుకుని దానితో లేపండి. అప్పుడు లోపలి డిస్కును తలుపు తీసిన బీరువాలా చూడొచ్చు. ఏ ఫోల్డరు ఎంత తిన్నదో కనుక్కోండి. చెత్తబుట్ట చూడండి, మనం పారేశామనుకున్నదంతా అందులోనే కూర్చుని ఉంటుంది. కొత్త ప్రోగ్రాములు వేసుకున్నప్పుడు మిగిలిన పొట్లాలు ఉంటాయి. ఎప్పటివో పాత కెర్నెళ్లు, అంటే లినక్స్ గుండెకాయలు, ఉంటాయి, ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. లాగులు సరేసరి. కొంచెం చోటు దొరికితే చాలు, అది లేస్తుంది. మిగతాది లేచాక నిదానంగా చూసుకోవచ్చు.

ఏదైనా సరే, చెరిపే ముందు బయటి డిస్కుకు నకలు తీసుకోండి. ఇంకో సంగతి, మిషన్ ఎవరిదో ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. పక్కన మనిషుంటే పని సాగదని విసుక్కుంటారు కొందరు. సాగకపోతే సాగనివ్వండి. లోపల ఏముందో మీకు తెలియదు, వాళ్లకు తెలుసు.

తాత్కాలికం అని పేరున్న ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందరూ ముందుగా ఊడ్చేసేది దాన్నే. అక్కడ మాత్రం ఆగండి. ఎందుకో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

కోరమండల్ మాస్టరు

కోరమండల్ లైన్లలో, అంటే గని పనివాళ్ల ఇళ్ల వరసల్లో, ఒక చిన్న చర్చి ఉంది. అక్కడ పాటల గుంపును నడిపే మాస్టరు దేవసహాయం. బంగారు గనులు నడిచినన్నాళ్లు గని బావిలోకి మనుషుల్ని దించే ఇంజను నడిపాడు. అవి మూతపడ్డాక ఆయనకు మిగిలింది ఈ గుంపే. అదీ ఒకచోట నిలవదు. పాడేవాళ్లందరూ పొద్దున్నే బెంగళూరు రైలెక్కి, చీకటి పడ్డాక దిగుతారు. ఆదివారం కూడా కొందరికి డ్యూటీ.

అందుకని మాస్టరు ఒక పద్ధతి పెట్టాడు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఒక్కరే చర్చి పక్కగదికి వస్తారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని తమ వంతు గొంతు కంప్యూటర్‌లో పాడేసి పోతారు. పై గొంతు ఒకరు, నడిమి గొంతు ఒకరు. కింది గొంతు మాస్టరుది. అన్నిటినీ ఆయన కలిపి ఒక పాటగా చేస్తాడు. ఆదివారం స్పీకర్లో గుంపంతా పాడుతుంది. ఒక్కసారైనా అందరూ ఒకచోట నిలబడి పాడింది లేదు.

ఆ కంప్యూటర్ పెట్టింది నేనే. లినక్స్ వేసి, వారం వారం పాటలన్నీ దానంతటదే ఒక బయటి డిస్కుకు నకలు తీసుకునే ఏర్పాటు కూడా చేసిచ్చాను. "ఈ డిస్కు చాలా విలువైంది, జాగ్రత్త" అని మాస్టరు భార్య రూతక్కకు మరీ మరీ చెప్పి వచ్చాను.

తర్వాత మాస్టరు గొంతులో గడ్డ లేచిందని, బెంగళూరు ఆసుపత్రిలో స్వరపేటిక తీసేశారని విన్నాను. చూడటానికి పోవాలనుకుంటూనే ఉన్నాను, ఇంతలో రూతక్క ఫోన్ వచ్చింది.

"లీలా, మిషన్ లేస్తా లేదు. బేగి రామ్మా. మీ మాస్టరు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు."

పోయాను. మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని, చేతిలో పిల్లల పలక పట్టుకుని మాస్టరు ఆ పక్కగదిలో నిలబడి ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. ఎలా ఉన్నారని అడిగితే ఆయన సుద్దముక్క వెతుక్కునే లోపల రూతక్క అందుకుంది.

"ఎట్లుంటాడు, ఇట్లే ఉండాడు. జావ తాగు అంటే తాగడు. చెప్పినమాట ఎప్పుడు విన్నాడు గనక ఇప్పుడు వినేకి!"

మాస్టరు ఆమె వైపు చెయ్యి ఊపి, పలక మీద రాసి చూపించాడు. చివరి పాట ఉందా?

సంగతి రూతక్కే చెప్పింది. కోత పండుగకని ఆయనే ఒక పాట కట్టాడు. మిగతావాళ్ల గొంతులు వచ్చేశాయి. కింది గొంతు పాడేవాడు ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. ఆసుపత్రికి పోయే ముందు సాయంత్రం ఒంటరిగా ఈ గదిలో కూర్చుని తన గొంతు పాడిపెట్టాడు. ఇక పాడదామన్నా పాడలేడు. పండుగ దగ్గర పడుతోంది.

"మేము ఇంటికొచ్చినాక మిషన్ వేస్తే నల్లగా చూస్తా కూర్చోనుండాది" అంది.

మూత విప్పి, గని మట్టి దిబ్బల నుంచి ఎగిరొచ్చి లోపల పేరుకున్న దుమ్ము ఊది, పెన్‌డ్రైవ్‌తో లేపాను. డిస్కులో సూది మోపే చోటు లేదు. ముందు పాటల ఫోల్డరుకే పోయాను. పాత పాటలన్నీ ఉన్నాయి. చివరి పాట పేరు కూడా ఉంది. దాని సైజు చూశాను. సున్నా.

ఇలాంటి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు తెర వంక చూస్తూ చెప్పకండి. మనిషి వంక చూసి చెప్పండి.

"మాస్టరూ, పేరుండాది. లోపల ఏమీ లేదు."

"ఏమీ లేకుండా యాడికి పోతుంది?" రూతక్క గొంతు లేచింది. "నేను విన్నాను కదమ్మా! తలుపవతల నిలబడి పాటంతా విన్నాను!"

మాస్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పలకను ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు. 

చేతులు ఊరుకోక, ఇంతకీ చోటంతా తిన్నది ఎవరా అని వెతికాను. బయటి డిస్కు పేరుతో ఒక ఫోల్డరు ఉంటుంది, ఆ డిస్కు తగిలించనప్పుడు అది ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు, నకళ్ల మీద నకళ్లు.

"రూతక్కా, ఆ బయటి డిస్కు యాడ?"

"యాడంటే? ఇంట్లో బీరువాలో. ప్రభువు బల్ల గిన్నె పక్కన."

"ఎందుకు పీకినారు?"

"ఏమ్మా, వెండి గిన్నెను ఈ గదిలో వదిలేసి పోతామా? ఆరాధన కాగానే ఇంటికి తీసుకోని పోయి బీగం వేస్తాము కదా. విలువైందని నువ్వే అంటివి. దాన్నీ అట్లే పెట్టినాను, మెత్తటి గుడ్డలో చుట్టి."

కోపం రావాలి, రాలేదు. వాళ్ల చర్చిలో విలువైనదానికి జరిగే మర్యాద అది. గిన్నెకు చేసే మర్యాదే డిస్కుకూ చేసింది. మిషన్‌కు ఆ సంగతి తెలియదు కదా. ఇల్లు తాళం వేసి ఉన్నా పాలమ్మాయి గుమ్మంలో పాకెట్లు పెట్టిపోయినట్టు, వారం వారం నకళ్లు తీసి ఆ ఖాళీ ఫోల్డరులోనే పడేస్తూ వచ్చింది. అదంతా సొంత డిస్కులోనే చేరి, గొంతుదాకా నిండింది.

డిస్కు తెమ్మంటే రూతక్క చెంగు దోపుకుని లైన్ల వైపు పోయింది. గదిలో మేమిద్దరమే.  ఏదైనా మాట్లాడదామనుకున్నాను. రోజులకు రోజులు ఎవరితోనూ మాట్లాడని మనిషికి ఓదార్చే మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆయన మెల్లగా చెయ్యి చాచి, మానిటర్ మీద దుమ్మును వేలితో తుడిచాడు. మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ అదే.

రూతక్క డిస్కు తెచ్చింది. తగిలించి, ముందుగా ఇంకెక్కడైనా ఏమైనా ఉందేమో చూద్దామని ఒక్కొక్క ఫోల్డరూ వాళ్లకు చూపిస్తూ పోయాను. తాత్కాలికం దగ్గరికి వచ్చాం.

"ఇదేంది?" అంది రూతక్క.

"ఇదా, మామూలుగా చెత్తక్కా. ప్రోగ్రాములు వాడుకోని వదిలేసినవి."

"అట్లయితే పారేయమ్మా. చోటన్నా మిగులుతుంది."

టక్.

మాస్టరు వేలి కణుపుతో బల్ల మీద కొట్టాడు. నేను తల తిప్పాను. టక్. మళ్లీ ఒకటే దెబ్బ. రూతక్క నా చెయ్యి పట్టేసింది.

"ఆపమంటా ఉండాడు లీలా! బావిలో ఒక గంటంటే ఆపమని. ఇంజను రూములో ఒక గంట వినబడిందంటే ఎట్లున్నదాన్ని అట్ల ఆపేయాల."

మాస్టరు తెర మీద ఒక పేరు చూపించాడు. ఆయన పాటలు రికార్డు చేసే ప్రోగ్రాము పేరు. అప్పుడు నాకు వెలిగింది. ఆ ప్రోగ్రాము పాడుతున్నంతసేపూ గొంతును ఈ తాత్కాలికంలోనే పోస్తుంది. దాచమని నొక్కాకే పాటల ఫోల్డరుకు చేరుస్తుంది. అక్కడ సరిపడా చోటు లేకనే పేరు మాత్రం పడి, లోపల సున్నా మిగిలింది. సవ్యంగా మూస్తే, పోతూ పోతూ ఇక్కడున్నదంతా అదే ఊడ్చేసుకుని పోతుంది.

"రూతక్కా, ఆ సాయంత్రం మిషన్ ఎట్ల మూసినారు?"

"మూసేది యాడ? కరెంటు పాయె కదా! చీకట్లో కూర్చోనుండాడు. నేనొచ్చి చెయ్యి పట్టుకోని తీసుకోని పోయినాను."

కరెంటు పోయినందుకు జీవితంలో మొదటిసారి దండం పెట్టాను. ఆ ఫైలుకు ముందు బయటి డిస్కులో ఒక నకలు తీసి, సైజు సరిపోయిందని చూసుకున్నాను. అసలు పాటలు కొన్ని తెరిచి విని, బాగున్నాయని రూఢి చేసుకున్నాక నకళ్లు చెరిపాను. పెన్‌డ్రైవ్ పీకి స్విచ్చు వేశాను. మిషన్ ఏమీ ఎరగనట్టు లేచింది. ప్రోగ్రాము తెరవగానే, పోయినసారి దాచని పాట ఒకటుంది, తెరవమంటారా అని అడిగింది.

మాస్టరు రెండు దెబ్బలు కొట్టాడు. దానికి అర్థం నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ముందు దగ్గు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు, గరగరగా, పెద్దగా.

"అందరూ నన్ను చూడండి. ఎలిజబెత్తూ, ముందు తొందరపడొద్దు. సామ్యేలూ, ఇట్ల నా పక్కకు రాప్పా. ఇంగ మొదలుపెడదాము."

ఆ సాయంత్రం ఆ గదిలో ఎలిజబెత్తూ లేదు, సామ్యేలూ లేడు. ఎవరూ లేరు. పాట సాగింది. నడుమ ఒకచోట ఆగింది.

"లేదు, మళ్లా పాడతాము. తప్పు నాది. మీరు బాగానే పాడినారు."

మళ్లీ మొదటి నుంచి పాడాడు, ఈసారి చివరిదాకా. దాచమని నొక్కిన చప్పుడు కూడా వినబడింది. రికార్డు ఆపడం మరిచినట్టున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా:

"రూతూ... రూతూ. వాకిలవతల నిలబడేదెందుకు, లోపలికి రా. ఒక్కన్నే ఉండాను."

అంతే. అక్కడ కరెంటు పోయింది.

రూతక్క కళ్లు విప్పార్చి నా వంక చూసింది. "నాకు వినబళ్లేదే..." అంది. "పాట అయిపోయినాదని ఆటో పిలిచేకి గేటు దగ్గరికి పోయినానమ్మా. పిలిచినాడని నాకు తెలీదే."

మాస్టరు మొహం ఎర్రబడింది. గబగబా పలక మీద రాసి నాకు చూపించాడు. మాటలన్నీ తీసెయ్. పాట చాలు.

మిషన్ యజమాని చెప్పాడు, తీయాలి. మౌస్ పట్టుకున్నాను.

టక్.

ఈసారి కొట్టింది రూతక్క. నేను గదిలోకి వచ్చినప్పటి నుంచి నోరు మూయని మనిషి ఒక్క మాట కూడా అనలేదు. వేలు మడిచి బల్ల మీద అలాగే ఆనించి పెట్టుకుని కూర్చుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మాస్టరు ఆమెను చూశాడు. తర్వాత పలక తీసుకుని, రాసింది మణికట్టుతో చెరిపేశాడు.

పాట విడిగా, మాటలు విడిగా దాచి, రెండూ బయటి డిస్కుకు ఎక్కించి, నా సంచి నేను సర్దుకున్నాను.

కోత పండుగకు నన్ను పిలిచారు. వెనక బెంచీలో కూర్చున్నాను. స్పీకర్లో గుంపు పాడుతుంటే మాస్టరు ఎదురుగా నిలబడి, ఎవరూ లేని చోటుకు చెయ్యి ఊపుతూ పాట నడిపాడు. ఆయన ఎవరెవరి వైపు తిరుగుతున్నాడో నాకు తెలుసు.

మొన్న మధ్యాహ్నం రూతక్క ఫోన్ చేసింది. తెర మీద ఆ మాటలు దాచిన ఫైలు బొమ్మ యాడికో పోయిందట, ఎట్ల తెరిచేదో ఇంగోసారి చెప్పమంది. చెప్పాను. ఆమె నొక్కింది. ఫోన్లో దూరంగా ఆ గొంతు వినబడింది. రూతూ, లోపలికి రా.

"వచ్చినానప్పా, ఈడే ఉండాను" అంది రూతక్క.

ఫోన్ పక్కన పెట్టేసినట్టుంది, కట్ చేయడం మరిచిపోయింది. నేనూ కట్ చేయలేదు. అన్నం చల్లారిపోతున్నా, వింటూ అలాగే కూర్చున్నాను.